గంట మళ్ళీ మోగేదాకా

ఎర్రవాగు ఒడ్డున పిల్లల సావిడి ఒకటుంది. పొద్దున్నే తల్లులు వచ్చి, పిల్లల్ని దించి, నాలుగు జాగ్రత్తలు చెప్పి, ఆ నాలుగూ మళ్ళీ చెప్పి, మేతకి కొండవాలుకి పోతారు. సాయంత్రం వచ్చి ఎవరి పిల్లని వాళ్ళు వాసన చూసుకుని తీసుకెళ్తారు. మేకపిల్లలు, గొర్రెపిల్లలు, కుందేటి కూనలు, బాతుపిల్లలు, ఒక దూడ. అందరినీ చూసుకునేది తాయమ్మ అనే నల్లకోడి.

తాయమ్మ నోరు పెద్దది. తాటాకు కదిలితే అరుస్తుంది, కదలకపోతే ఎందుకు కదల్లేదని అరుస్తుంది. పిల్లల్ని లెక్కపెట్టడం ఆమెకొక జబ్బు. పెట్టిన లెక్క నమ్మకపోవడం ఇంకో జబ్బు. సావిడి గుమ్మంలో నెమరేస్తూ కూర్చునే ముసలి ఎద్దు సోమన్న అప్పుడప్పుడు అంటుంటాడు, "చెల్లీ, ఇందాకటి నుంచీ నన్ను కూడా పిల్లల్లో కలిపి లెక్కేస్తున్నావు."

అయితే ఆమెకి ఒక సంగతి బాగా తెలుసు. అది బాతుగుడ్ల వల్ల తెలిసింది. బాతులకి పొదిగే ఓపిక ఉండదు. గుడ్లు తెచ్చి కోడి కింద పెట్టడం ఆ ఒడ్డున ఆనవాయితీ. తాయమ్మ కూడా ఒక వేసవిలో తనవే అనుకుని పొదిగింది. పిల్లలు బయటికొచ్చి, కాళ్ళు నిలదొక్కుకుని, ఒకరోజు తిన్నగా నడిచి మడుగులోకి దిగిపోయాయి. తాయమ్మ గొంతు పోయేదాకా అరిచింది. అవి తోకలూపుకుంటూ తేలుతూ, ఈ అమ్మకి ఏమైంది అన్నట్టు చూశాయి. నేను మునిగే చోట వీళ్ళు తేలతారన్న మాట అని ఆమె ఒడ్డున కూలబడింది. ఆ తర్వాత ఏ పిల్లకీ 'నాలా చెయ్యి' అని చెప్పలేదు.

ఇలా ఉండగా కొండకి అవతల ఎక్కడో ఒక సావిడికి నిప్పంటుకుంది. పిల్లలెవరికీ ఏం కాలేదు. నిప్పు ఆరి, బూడిద కొట్టుకుపోయి, అక్కడ గడ్డి మొలిచాక అడవి దొర సింహానికి కోపం వచ్చింది. ప్రతి సావిడికీ ఆపద పథకం ఉండాలి, లేని సావిడి మూసెయ్యాలి అని గర్జించి పడుకుంది.

ఎర్రవాగు సావిడికి పెద్ద, నెమలి చంద్రకాంతం గారు. ఎవరైనా చూడ్డానికొస్తే తోక విప్పడం ఆయన పని. ఎవరూ రానప్పుడు తోక దువ్వుకోవడం ఆయన పని. ఆయన ఒక పొద్దున పొరుగడవి నుంచి ఒక నక్కని వెంటబెట్టుకుని వచ్చాడు.

"తాయమ్మా, వీరు పానకాలు గారు. ఆపదల సలహాదారు. ఎన్నో సావిళ్ళకి పథకాలు వేశారు."

"ఆ సావిళ్ళు ఇప్పుడెలా ఉన్నాయి సార్?" అంది తాయమ్మ.

"చాలా ప్రశాంతంగా ఉన్నాయమ్మా," అన్నాడు పానకాలు. "ఒక్క పిల్ల గొంతు కూడా వినబడదు."

తాయమ్మకి మెడ మీద ఈకలు లేచాయి. నక్క లోపలికొచ్చి ఒక్కో మేకపిల్లనీ పలకరించాడు. పలకరిస్తూ పక్కటెముకల మీద పంజాతో నొక్కి చూసి, "బలంగా ఉన్నారు, సంతోషం," అన్నాడు. గొర్రెపిల్ల దగ్గర ఇంకా ఎక్కువ సంతోషించాడు.

తర్వాత పథకం చెప్పాడు. నిప్పైనా, నీరైనా, పామైనా పథకం ఒకటే. సావిడి దూలానికి వేలాడే గంట మోగుతుంది. మోగగానే పిల్లలందరూ కళ్ళు మూసుకోవాలి. ముందువాడి తోక నోట పట్టుకోవాలి. అలా వరసగా నడిచి వాగు మలుపులో ఇసుక మేట మీదికి చేరాలి. అది సమావేశ స్థలం. సమావేశ స్థలంలో ఎవరూ కళ్ళు తెరవకూడదు, మాట్లాడకూడదు, గంట మళ్ళీ మోగేదాకా కదలకూడదు. పెద్దలెవరూ అటు రాకూడదు, వస్తే గందరగోళం.

చంద్రకాంతం గారు మురిసిపోయాడు. "వరసగా తోకలు. ఎంత బాగుంటుంది చూడ్డానికి."

"సార్, అది వాగు కదా," అంది తాయమ్మ.

"ఎండిపోయి ఉందిగా," అన్నాడు పానకాలు.

"ఇప్పుడు ఎండిపోయి ఉంది. వరదొస్తే?"

"వరదకి వేరే పథకం వేస్తామమ్మా. ముందు దీన్ని జరగనివ్వు."

"మరి కుందేటి కూనకి తోక పట్టుకోడానికి లేదు కదా సార్."

"మినహాయింపు ఇచ్చాం. వాటిని నోటితో మోసుకెళ్ళే ఏర్పాటు ఉంది."

"తల్లులు వెతుక్కుంటారు. పిల్లలెక్కడున్నారో వాళ్ళకెలా తెలుస్తుంది?"

"తెలియజేయబడుతుంది."

"ఎవరు తెలియజేస్తారు సార్?"

"సంబంధిత వారు."

తాయమ్మ ఇంకో ప్రశ్న అడగబోతే నెమలి తోక ఝాడించాడు. "నీ బుర్ర ఎంత, నువ్వు అడిగేదెంత? ఇష్టం లేకపోతే చెప్పు. పానకాలు గారి చెల్లెలు ఉందట, పిల్లలంటే ప్రాణమట. రేపే వచ్చి చేరుతుంది."

తాయమ్మ నోరు మూసుకుంది. ఆ సావిడిలో ఆమె నోరు మూసుకోవడం అదే మొదలు. సోమన్న నెమరేయడం ఆపి మరీ చూశాడు.

వాళ్ళు వెళ్ళాక అన్నాడు, "ఊరుకున్నావేం చెల్లీ?"

"నేను పోతే ఆ చెల్లెలొస్తుంది అన్నా. పిల్లల్ని లెక్కపెట్టడం దానికీ బాగానే వచ్చుంటుంది." తాయమ్మ గడప మీద ముక్కు రాసుకుంది. "అది సరే, కొండ మీద వానెప్పుడు?"

"నా మోకాలు ఇంకా ఏం చెప్పలేదు."

ఎర్రవాగు సంగతి ఆ ఒడ్డున పుట్టినవాళ్ళకే తెలుసు. ఇక్కడ చినుకు పడదు. ఎండ కాస్తూనే ఉంటుంది. ఎక్కడో కొండ మీద కురిసిన నీళ్ళు, ఆకులూ కొమ్మలూ తోసుకుంటూ ఎర్రగా ఒక్కసారి వచ్చిపడతాయి. పొరుగడవివాళ్ళు దాన్ని ఇసుక దారి అనుకుంటారు.

"చెప్పగానే నాకు చెప్పు," అంది తాయమ్మ. "ఆ వాన ఎలాగూ వస్తుంది, సావిడి ఎలాగూ మునుగుతుంది. ఈలోగా పిల్లలకి నేర్పుకోవాలి. నక్కగారిని కూడా ఓ పక్కన కూర్చోబెట్టాలి."

మర్నాడే పానకాలు వచ్చాడు. ఇవాళే గంట కొట్టి చూద్దామన్నాడు.

"ఇవాళ వద్దు సార్," అంది తాయమ్మ, ఎంతో వినయంగా. "పిల్లలకి కడుపులు బాగాలేవు. చిక్కిపోయారు. నాలుగు రోజులు లేత చిగుళ్ళు పెట్టి, కాస్త ఒళ్ళు చేశాక పెట్టుకుందాం."

పానకాలు గుటక మింగాడు. "ఆరోగ్యం ముఖ్యం కదమ్మా. ఒళ్ళు చెయ్యనివ్వు."

ఆ నాలుగు రోజులూ తాయమ్మ పిల్లల చేత ఒకటే ఆట ఆడించింది. నిప్పైతే ఏం చేస్తారు, నీళ్ళైతే ఏం చేస్తారు. మేకపిల్లలకి బండలెక్కడం ఒకరు నేర్పక్కర్లేదు. బండల మీదుగా సావిడి వెనకున్న తాటిదిబ్బ పైకి పరిగెత్తమంది. గొర్రెపిల్లలతో, "ఒకరి వెనక నడవడం మీకు పుట్టుకతో వచ్చిన విద్య నాయనా, ఎవరి వెనకో మాత్రం నేను చెప్తాను," అని దూడ వెనక నిలబెట్టింది. కుందేటి కూనలు నీళ్ళన్నా బొరియలోకే దూరుతామన్నాయి. వాటిని సోమన్న వీపు ఎక్కించింది. బాతుపిల్లలు మాత్రం నవ్వాయి.

"నీళ్ళొస్తే మాకేంటమ్మా? మేం తేలతాం."

"మడుగులో తేలతారు. వాగులో తేలుతూ సముద్రానికి పోతారు. నిప్పైతే నీళ్ళలోకి, వరదైతే సోమన్న మామ వీపు మీదికి. ఏదీ, మళ్ళీ చెప్పండి."

సాయంత్రాలు వచ్చిన తల్లులకి కూడా చెవిలో వేసింది. సోమన్న రంకె వినబడితే సావిడికి రావద్దు, తిన్నగా తాటిదిబ్బకి రండి అని. మేకలు సరే అన్నాయి. ఒక గొర్రె మాత్రం, "మా పక్కావిడ వస్తే నేనూ వస్తా," అంది. తాయమ్మ పోయి పక్కావిడకి చెప్పింది.

ఒక పొద్దున సోమన్న లేవబోయి మూలిగాడు. "చెల్లీ, మోకాలు."

తాయమ్మ గడప ఎక్కి చూసింది. సావిడి మీద తెల్లటి ఎండ. కొండ తల మాత్రం కాటుక పూసినట్టుంది. నెమలి దగ్గరికి వెళ్ళి తలొంచి అంది, "ఇవాళ గంట కొట్టచ్చు సార్. పిల్లలు బాగా ఒళ్ళు చేశారు."

పానకాలు పరుగున వచ్చాడు.

"ఒక్క మాట సార్," అంది తాయమ్మ. "పిల్లలకి మీ కళ్ళంటే భయం. మీరు ఎదురుగా కళ్ళు తెరుచుకుని నిలబడితే, ఏ ఒక్కరు కాస్త కన్ను తెరిచి చూసినా అందరూ బెదిరి చెల్లాచెదురైపోతారు. మీరూ మీవాళ్ళూ ముందే వెళ్ళి ఇసుకలో కళ్ళు మూసుకుని కూర్చోండి. తిన్నగా మీ ఒళ్ళోకే వచ్చి పడతారు."

"మావాళ్ళెవరు?" అన్నాడు నక్క చటుక్కున.

"సలహాదారుకి సిబ్బంది ఉండరా సార్?"

నక్క ఒకసారి ఆమెని, ఒకసారి మేకపిల్లల పక్కటెముకల్ని చూశాడు. మేకపిల్లలే గెలిచాయి.

చంద్రకాంతం గారు కూడా కల్పించుకున్నాడు. "పథకంలో ఉన్నదేగా. సమావేశ స్థలంలో ఎవరూ కళ్ళు తెరవకూడదు. రాసినవారే పాటించకపోతే ఎలా?"

"పాటిస్తాం, తప్పకుండా పాటిస్తాం," అని పానకాలు పెదాలు నాక్కుంటూ వాగు మలుపుకి పోయాడు. అక్కడ పొదల వెనకున్న తమ్ముళ్ళిద్దరూ బయటికొచ్చారు. ముగ్గురూ ఇసుకలో వరసగా కూర్చుని, కళ్ళు మూసుకుని, నోళ్ళు తెరిచారు.

తాయమ్మ వాగు ఎగువనున్న మడుగు వైపు చూసింది. నీళ్ళ మీద ఎర్రటి నురగ, దాని మీద కొండాకులు. ఎగిరి గంట తాడు ముక్కున పట్టి లాగింది.

"వరద," అని ఒక్క మాట అంది.

సావిడి ఖాళీ అయింది. మేకపిల్లలు బండల మీద ఎగిరాయి. దూడ వెనక గొర్రెపిల్లలు దారం లాగినట్టు కదిలాయి. సోమన్న మోకాళ్ళు వంచితే కూనలూ బాతులూ వీపెక్కాయి. అందరికంటే ముందు చంద్రకాంతం గారు ఎగిరి దిబ్బ మీది తాటిచెట్టు మట్ట మీద కూర్చున్నాడు. పిల్లలెక్కడ అని ఆయన అడగలేదు. తోక తడిసిందేమోనని బెంగపడ్డాడు.

అవతల మలుపులో గుడగుడమని చప్పుడు.

"గుంపుగా వస్తున్నార్రా," అన్నాడు పానకాలు కళ్ళు తెరవకుండానే. "నోళ్ళు బాగా తెరవండి."

తెరిచిన నోళ్ళలోకి ఎర్రవాగు వచ్చింది.

దిబ్బ మీద సోమన్న రంకె వేశాడు. తాయమ్మ లెక్క మొదలుపెట్టింది. మేకలు సరిపోయాయి. గొర్రెలు సరిపోయాయి. బాతుల్లో ఒకటి తగ్గింది. మళ్ళీ లెక్కపెట్టింది. తగ్గింది. ఈసారి ఆ లెక్కని నమ్మాల్సి వచ్చింది. కింద సావిడి చూరు దాకా నీళ్ళు. గంట ఎక్కడుందో కనబడదు. ఈత రాని కోడి, దిబ్బ అంచుకి వెళ్ళి కాలు నీళ్ళలో పెట్టింది.

"మ్మా, మ్మా," అని నోట్లో ఏదో ఉన్నట్టు పైనుంచి సన్నగా వినబడింది.

చూస్తే చంద్రకాంతం గారి తోకని ముక్కుతో గట్టిగా కరిచి పట్టుకుని వేలాడుతోంది చిన్న బాతు. సావిడిలో సోమన్న వీపెక్కబోయి జారిపోయి, నక్క చెప్పిన తోక సంగతి గుర్తొచ్చి, పక్కన ఎగరబోతున్న తోక పట్టుకుందట. నెమలి అప్పటిదాకా చూసుకోనే లేదు.

"నేనే కాపాడాను," అన్నాడాయన వెంటనే, తోక ఇంకాస్త విప్పి. "ముందే ఆలోచించి పెట్టుకున్నాను."

తాయమ్మ బాతుపిల్లని దించుకుని రెక్క కింద పెట్టుకుని, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. ఈలోగా తల్లులు దిబ్బెక్కి వచ్చి ఎవరి పిల్లని వాళ్ళు వాసన చూసుకున్నారు. పక్కావిడ వచ్చింది కాబట్టి ఆ గొర్రె కూడా వచ్చింది.

వాగు మధ్యలో తుమ్మచెట్టు ఒకటి తల మాత్రం పైకి పెట్టుకుని నిలబడింది. దాని ముళ్ళ కొమ్మని కౌగిలించుకుని పానకాలు. తమ్ముళ్ళని నీళ్ళు అవతలి ఒడ్డు మీదికి విసిరేశాయి. వాళ్ళు వెనక్కి చూడకుండా పొరుగడవి దారి పట్టారు.

"తాయమ్మా," అని అరిచాడు పానకాలు, "ఆ ఎద్దుని పంపమ్మా, ఒడ్డుకి లాగుతాడు."

"పెద్దలెవరూ అటు రాకూడదు సార్. గందరగోళం అవుతుంది."

"పోనీ నేనే దూకి వస్తాను, ఎక్కడ లోతు తక్కువో చెప్పు."

"కదలకండి సార్. గంట మళ్ళీ మోగలేదు."

"అయితే మోగించవే తల్లీ."

"గంట వాగులో ఉంది సార్. మీ సమావేశ స్థలానికే వస్తుంటుంది."

నక్క కాసేపు ముళ్ళు సర్దుకున్నాడు. గొంతు చిన్నదైంది. "కనీసం మావాళ్ళకైనా కబురు పెట్టు. నేనిక్కడున్నానని."

తాయమ్మ రెక్క కింది పిల్లని సర్దుకుని, తీరిగ్గా అంది, "తెలియజేయబడుతుంది సార్."

"ఎవరు తెలియజేస్తారు?"

"సంబంధిత వారు."

పిల్లల కోసం దారి గీసేవాణ్ణి ముందు ఆ దారి చివర నిలబెట్టి చూడాలి.