అన్ని రంగులూ పట్టిన కణాలు

తెరమీద కనబడిన గుంపు ఏమిటో సువార్తకు తెలిసిపోయింది. తెలిసినందుకు లోపల కాస్త సంతోషం కూడా కలిగింది.

మధ్యాహ్నమే అయినా ఆ ల్యాబు గదిలో లైట్లు ఆర్పే ఉంటాయి. మెరిసే రంగులు వెలుతురు తగిలితే వెలిసిపోతాయి. ఒక్కో యాంటీబాడీకి ఒక్కో రంగు కట్టి రక్తకణాల్లో కలుపుతారు. కణం ఒంటిమీద తను ఎరిగిన ప్రోటీన్ ఉంటేనే అది అంటుకుంటుంది. లేకపోతే కడిగినప్పుడు కొట్టుకుపోతుంది. తరవాత కణాలు లేజరు ముందునుంచి ఒక్కొక్కటిగా సాగుతాయి. తెరమీద ప్రతి చుక్కా ఒక కణం; ఎంత మెరిస్తే అంత పైన పడుతుంది.

ఈ రక్తంలో కణాలు అన్ని రంగులూ పట్టుకున్నాయి. ఆకుపచ్చలో చూసినా, ఎరుపులో చూసినా, ఊదాలో చూసినా పైమూలన అదే గుంపు. తననే చూస్తున్నట్టు.

తలుపవతల బెంచీమీద కూర్చుని ఒక పాప ఏదో పాడుకుంటోంది. ఆ రక్తం ఆ పాపదే. క్యాన్సర్ తగ్గిందని ఇంటికి పంపిన పిల్ల. ఈ రిపోర్టుమీద సంతకం పడితే సాయంత్రమే మళ్ళీ మందు ఎక్కిస్తారు.

"జబ్బు తిరగబెట్టింది మాస్టారూ. ఇలాంటి కణం గురించి నేనెక్కడా చదవలేదు," అంది సువార్త.

"అయితే నీ పేరే పెడదాం దానికి," అన్నారు మస్తానయ్య మాస్టారు. లేచి వెళ్ళి తలుపు తీశారు.

"మీ ఊళ్ళో తీసిన రక్తం ఎలా తెచ్చావు నాయనా?"

పాప తండ్రి లేచి నిలబడ్డాడు. "చాలా భద్రంగా తెచ్చానండి. కుదుపులకు ఒలికిపోతుందని బస్సులో డ్రైవరు పక్కన, ఇంజిను మూతమీద పెట్టాను. మూత వేడికి చెయ్యి కాలుతున్నా దారంతా తియ్యలేదు."

మాస్టారు ఆయన భుజం తట్టి లోపలికొచ్చారు. రంగు కలపకుండా పక్కనుంచిన కణాల్లోంచి ఒక చుక్క తీసి, నీలిమందు కలిపి, మైక్రోస్కోపు కింద పెట్టారు. పక్కకు జరిగారు.

ప్రాణమున్న కణం ఆ నీలాన్ని లోపలికి రానివ్వదని సువార్తకు తెలుసు. కన్ను ఆనించింది.

ఈ అంచునుంచి ఆ అంచుదాకా నీలం.

తల తిప్పి చూసింది. తెరమీద అవి ఇంకా మెరుస్తూనే ఉన్నాయి, ఏ బతికున్న కణమూ మెరవనంతగా. అవతల పాట ఆగింది. సువార్త తలుపువైపు తిరిగింది. ఒక్క క్షణం తరవాత పాప దగ్గి, మళ్ళీ పాట అందుకుంది.

మాస్టారు అప్పటికప్పుడు పాప రక్తం తీయించారు. సువార్త మొదటినుంచీ అంతా మళ్ళీ చేసింది. ఈసారి చుక్కలు దేని చోట అది సర్దుకున్నాయి. చాలా రంగులు కడిగినప్పుడే కొట్టుకుపోయాయి. పైమూలన ఆ గుంపు లేదు, చీకటి.

చాలాసేపు ఆ చీకటినే చూసింది.

"అవి అన్నిటినీ ఎందుకు పట్టుకున్నాయి మాస్టారూ?"

"ప్రాణం పోయినవి కదమ్మా," అన్నారాయన. "వదిలెయ్యడం బతికున్నవాటికే చేతనవుతుంది."