మువ్వ కాలి గెలుపు తాడు

అనగనగా, రెండు కొండల నడుమ ఒక అడవి. ఆ అడవిలో ఒక దుప్పుల మంద. ఆ మందలో మచ్చమ్మ అనే తల్లి దుప్పి, ఆమెకు ఒక్కగానొక్క కూతురు మువ్వ. మువ్వ పరుగు అందుకుందంటే రెప్ప వేసేలోగా కనుమరుగయ్యేది. దాని ఈడు పిల్లలు దుమ్ము చూడటమే తప్ప మువ్వను చూసింది లేదు.

ఆ మందకు ఒక ఆచారం ఉంది. ఏటా మోదుగులు పూసే వేళ జరిగే పరుగు పందెంలో గెలిచిన పిల్లకు వెనక కాలికి, మోకాలి కింద, మోదుగ నారతో పేనిన తాడు కడతారు. దాన్ని గెలుపు తాడు అంటారు. కట్టేది కన్నతల్లి. ఒకసారి కట్టాక విప్పకూడదు. విప్పితే ఆ ఏడు పందెంలో చోటు లేదు.

మువ్వ ఇంకా పాలు మానకముందే మొదటి పందెం గెలిచింది. మచ్చమ్మ మురిసిపోయింది. తాడు ఎక్కడ జారిపోతుందోనని, పళ్ళతో పట్టి లాగి, రెండు ముళ్ళు వేసి మరీ బిగించింది. ఆ రోజు ఆ తల్లి కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ తర్వాత మువ్వ పెరిగింది. తాడు సగం వెంట్రుకల్లో కలిసిపోయింది. చూసినవాళ్ళు "అబ్బో, గెలుపు తాడే!" అని మెచ్చుకునేవాళ్ళు. అంతకు మించి దాని గురించి ఎవరూ ఆలోచించలేదు.

ఒక ఏడు మోదుగులు పూశాయి. పందేనికి ఇంకా పది రోజులున్నాయి.

"అమ్మా, నా గిట్ట మీద చీమలు పాకుతున్నాయి" అంది మువ్వ.

మచ్చమ్మ వంగి చూసింది. ఒక్క చీమ కూడా లేదు.

మరునాడు, "అమ్మా, నిప్పు తొక్కినట్టుంది" అంది మువ్వ. మచ్చమ్మ చూసింది. నిప్పూ లేదు, పుండూ లేదు.

మూడో రోజు మువ్వ పరిగెడుతూ ఉంటే గిట్ట పైకి లేవలేదు. కొన నేలకు రాసుకుంది. మువ్వ బోర్లా పడింది. తోటి పిల్లలు పకపకా నవ్వారు. "పందెం దగ్గరపడింది కదా, భయం పట్టుకుంది!" అన్నారు. మచ్చమ్మకు మాత్రం నవ్వు రాలేదు. గుండెల్లో రాయి పడింది.

ముందు మంద పెద్ద కొమ్మయ్య దగ్గరికి పరిగెత్తింది. కొమ్మయ్యవి పెద్ద కొమ్ములు, అంతకన్నా పెద్ద గొంతు. ఆయన ఎడమ కాలు కాస్త ఈడుస్తూ నడుస్తాడు. అది వీరుల నడక అని ఆయనే చెప్పుకుంటాడు.

"మామా, పిల్ల కాలు ఈడుస్తోంది, ఒక్కసారి చూడండి" అంది మచ్చమ్మ.

"చూసేదేముంది? ఎదిగే పిల్లలకు నొప్పులు మామూలే. ఇంకో నాలుగు చుట్లు పరిగెత్తించు, దెబ్బకు పోతుంది" అన్నాడు కొమ్మయ్య.

నాలుగు చుట్లు పరిగెత్తించారు. నొప్పి పోలేదు సరికదా, రెట్టింపయింది.

తర్వాత ముళ్ళపంది సూరయ్య దగ్గరికి తీసుకెళ్ళింది. "ఇంకేముంది, గిట్టలో ముల్లు దిగింది" అన్నాడు సూరయ్య. పాపం, అతనికి ముళ్ళు తప్ప వేరే లోకం తెలియదు. గిట్టంతా కెలికాడు. ముల్లు దొరకలేదు. మువ్వ ఏడ్చిన ఏడుపు మాత్రం అడవంతా వినబడింది.

ఇక ఎలుగుబంటి జుంటయ్య దగ్గరికి వెళ్ళారు. జుంటయ్య ఆ అడవికి వైద్యుడు. తేనెలో ఆకుపసరు కలిపి గిట్టకు పూశాడు. రెండు రోజులు చూశాడు. గుణం కనబడలేదు. అప్పుడు మచ్చమ్మను పక్కకు పిలిచాడు.

"మచ్చమ్మా, దాచడమెందుకు? నాకు గాయాలు తెలుసు, జ్వరాలు తెలుసు. ఇది నరం జబ్బులా ఉంది. నరాలు నా పంజాకు అందవు."

"మరి నేనేం చేయాలి జుంటయ్యన్నా?"

"వాగు అవతల ఎండు మద్ది చెట్టు మీద టకటకవ్వ ఉంటుంది. వడ్రంగిపిట్ట. ఆమె పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నరాలే చూస్తోంది. ఈ రోజే వెళ్ళు. నరం నలుగుతూ ఉంటే కాలు పడిపోతుంది. ఆ తర్వాత పరుగు మాట దేవుడెరుగు, నడకే ఉండదు."

తనకు తెలియదని ఒప్పుకున్న ఆ ఎలుగుబంటికి మచ్చమ్మ మనసులోనే దండం పెట్టుకుంది.

బయలుదేరబోతుంటే కొమ్మయ్య అడ్డం వచ్చాడు. "నాలుగు రోజుల్లో పందెం పెట్టుకుని పిట్టల చుట్టూ తిరుగుతావా? అయ్యాక వెళ్ళు" అన్నాడు.

"అవునమ్మా, పందెం అయ్యాకే వెళ్దాం. నేను ఓర్చుకుంటాను" అంది మువ్వ. అంటూనే గిట్టను గాలిలోకి ఎత్తి పట్టుకుంది. కళ్ళ నిండా నీళ్ళు.

మచ్చమ్మ ఆ కళ్ళు చూసింది. "ఓర్చుకున్నది చాలు తల్లీ. పద" అంది.

మద్ది చెట్టు దగ్గరికి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. తల మీద ఎర్రటి కుచ్చు ఉన్న ముసలి పిట్ట కిందికి దిగింది.

"నొప్పి ఎక్కడే పిల్లా?"

"గిట్టలో అవ్వా."

"అయితే గిట్ట నేను చూడను" అంది టకటకవ్వ.

మచ్చమ్మ ఉలిక్కిపడింది. "అదేంటవ్వా! ఇంత దూరం వచ్చింది ఆ గిట్ట కోసమే కదా!"

"ఆకులు వాడిపోతే నేను ఆకుల్ని పొడుస్తానా? మాను మీద కొట్టి చూస్తాను. పురుగు ఉండేది అక్కడ" అంది అవ్వ.

ముక్కుతో తొడ మీద మెల్లగా తట్టింది. టక్. "ఇక్కడ?" "ఏమీ లేదవ్వా." మోకాలి మీద తట్టింది. టక్. "ఇక్కడ?" "లేదవ్వా." మోకాలి కింద, కాస్త పక్కగా తట్టింది. టక్!

"అమ్మో! గిట్టలో చురుక్కుమంది!" అని మువ్వ ఎగిరిపడింది.

"నేను తట్టింది మోకాలి కింద. మంట పుట్టింది గిట్టలో. నరం దారి అదేనమ్మా" అంటూ అవ్వ ముక్కుతో వెంట్రుకలు పాయలు తీసింది. తాడు కనబడింది. తాడంటే తాడు కాదు, తోలులోకి దిగిపోయిన గీత.

"ఇది కట్టిందెవరు?"

మచ్చమ్మ తల వాలిపోయింది. "నేనే."

"ఎప్పుడు?"

"ఇది కూనగా ఉన్నప్పుడు."

"కూన పెరిగిందమ్మా. తాడు పెరగలేదు" అంది అవ్వ.

మచ్చమ్మ అందరినీ అడిగింది, అంతటా తిరిగింది. బిడ్డ నరాన్ని నొక్కుతున్న ముడి తను వేసిందే! కన్నీళ్ళు జలజలా రాలాయి.

"ఏడుపుకు బోలెడు తీరిక ఉంది. ముందు చెప్పు, తెంచేయనా?"

మువ్వ గబుక్కున కాలు వెనక్కి లాక్కుంది. "వద్దమ్మా! తాడు పోతే పందెంలో చోటు పోతుంది. తాడు లేకపోతే నన్నెవరు మువ్వ అంటారు?"

"నేనంటాను. నువ్వు గెలవకముందు నుంచీ నేను నిన్ను మువ్వా అనే పిలుస్తున్నాను" అంది మచ్చమ్మ. ఆ మాటకు మువ్వ కాలు మెల్లగా ముందుకు చాపింది.

అవ్వ పని మొదలుపెట్టింది. పైపోగులు తెంచడం తేలికే. తోలులోకి దిగినవే కష్టం. నరానికి తగలకుండా ఒక్కొక్క పోగే పైకి తీసింది. మచ్చమ్మ బిడ్డ మెడ నాకుతూ నిలబడింది. ఆఖరి పోగు ఊడి రాగానే మువ్వ పెద్దగా ఊపిరి వదిలింది.

"అమ్మా, గిట్ట వెచ్చగా ఉంది! మంట కాదు, మామూలు వెచ్చదనమే!"

ఎన్నాళ్ళ తర్వాతో మచ్చమ్మ ఒళ్ళు తేలికపడింది. అక్కడే గడ్డిలో కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు.

"మళ్ళీ పరిగెడతానా అవ్వా?"

"నరం నలిగిందే గానీ చావలేదు. మీ అమ్మ వేళకు తెచ్చింది. కొన్నాళ్ళు ఆగి ఉంటే నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. నేరేడు పళ్ళు రాలేదాకా పరుగు మాట ఎత్తకు. రోజూ మడుగులో మోకాలి లోతు నీళ్ళలో నడువు. తొందరపడ్డావో, ఈ ముక్కుతోనే నీ నెత్తి మీద పొడుస్తాను" అంది అవ్వ.

పందెం రోజు మువ్వ గట్టున నిలబడి చూసింది. ఇంకో పిల్ల గెలిచింది. "తాడు లేని కాలు!" అని కొమ్మయ్య పెదవి విరిచాడు. మువ్వ కాస్త ఏడ్చింది. ఎందుకు ఏడవదు మరి? కానీ మరునాడు పొద్దున్నే మడుగులో దిగి నడిచింది. ఆ మరునాడూ నడిచింది. మొదట చీమలు పోయాయి. తర్వాత అప్పుడప్పుడు వచ్చే మంటా పోయింది. ఒక రోజు గిట్ట కొన నేలకు రాసుకోకుండా దానంతటదే పైకి లేచింది. మచ్చమ్మ ఆ రోజు ఆ గిట్టను ఎన్నిసార్లు ముద్దు పెట్టుకుందో లెక్కే లేదు.

నేరేడు పళ్ళు రాలాయి. తొలకరి కురిసింది. వాగుకు నీళ్ళు వచ్చాయి. అవ్వ సరే అంది. మువ్వ నాలుగు అడుగులు వెనక్కి వేసి, పరుగున వచ్చి, ఒక్క గెంతులో వాగు అవతల పడింది. అక్కడి నుంచి వెనక్కి తిరిగి "అమ్మా!" అని అరిచింది. మచ్చమ్మ గుండెల్లోని రాయి ఆ నీళ్ళలో పడి కొట్టుకుపోయింది.

మంద అంతా చూసింది. కొమ్మయ్య కూడా చూశాడు.

మరునాడు ఎవరూ లేని వేళ చూసి కొమ్మయ్య మచ్చమ్మ దగ్గరికి వచ్చాడు. ఆ పెద్ద గొంతు ఆ రోజు ఎక్కడ పెట్టి వచ్చాడో!

"ఊరికే అడుగుతున్నాలే మచ్చమ్మా... ఆ అవ్వ ముసలివాళ్ళను కూడా చూస్తుందా?"

మచ్చమ్మ ఆయన ఎడమ కాలి వంక చూసింది. మోకాలి కింద, ముతక వెంట్రుకల మధ్య, ఏనాటిదో నల్లబడ్డ గెలుపు తాడు. ఇన్నేళ్ళ వీరుల నడక ఆ తాడు పుణ్యమే!

ఆమె నవ్వలేదు. ఓర్చుకున్నవాళ్ళ బాధ ఆమెకు తెలుసు. "చూస్తుంది మామా. పదండి, దారి చూపిస్తాను" అంది.

ఆ ఏటి నుంచి ఆ మందలో గెలుపు తాళ్ళను కాళ్ళకు కట్టడం మానేశారు. మద్ది కొమ్మకు వేలాడదీస్తారు. కింద పిల్లలు హాయిగా పరిగెడతారు.

నీతి: నొప్పి అని బిడ్డ చెబితే నమ్మాలి. గెలుపు కోసం ఓర్చుకోమనకుండా, ఆ నొప్పి సంగతి తెలిసిన వైద్యుడి దగ్గరికి వేళకు తీసుకెళ్ళాలి.