ఆవంలో నడిమి చోటు

అనగనగా, ఏడంటే ఏడే కుమ్మరి ఇళ్లున్న ఊరొకటి. ఆ ఊరి కుండలో నీళ్లు తాగితే మూడు రోజులదాకా పళ్లు జివ్వుమనేవి. కుండలు కాల్చే ఆవం మాత్రం రత్నశెట్టిది. కాలిన ప్రతి రెండు కుండల్లో ఒకటి ఆయనకే. తిని తిని, ఆయన పొట్ట గుమ్మం దాటిన అరగంటకుగానీ ఆయన దాటేవాడు కాదు.

సారె తిప్పే పోలమ్మకు విసుగెత్తింది. "మట్టి మనది, చేతులు మనవి. ఆవం కూడా మనమే కట్టుకుందాం," అంది. ఏడిళ్లవాళ్లూ కలిసి కట్టారు.

శెట్టి నవ్వాడు. "మూడుసార్లు కాల్చేలోగా కొట్టుకుని నా దగ్గరికే వస్తారు. అప్పుడు మూడింట రెండు నావి."

ఆవంలో నడిమి చోటే చోటు. అక్కడి కుండ ఖంగుమంటుంది. అంచునున్నది పచ్చిగా మిగిలి, నీళ్లు పోస్తే కరిగిపోతుంది. మొదటిసారి అందరూ నడిమికే ఎగబడ్డారు. ఆ అరుపులకు పొరుగూరి కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి. తోపులాటలో సగం కుండలు పగిలాయి.

రెండోసారి, పెద్దవాడని అచ్చయ్యను పేర్చమన్నారు. ఆయన కుండలన్నీ నడిమిన చేరాయి, తక్కినవాళ్లవి అంచున.

"చేయి అలా పోయిందే, పోలీ," అన్నాడు.

"పోయినా, నీ కుండల్ని మాత్రం బాగానే గుర్తుపట్టింది మావా."

మూడోసారికి ఎండాకాలం ముంగిట్లోకొచ్చింది. నలుగురు అప్పటికే శెట్టి ఇంటికి తట్టలెత్తుకున్నారు. పోలమ్మ వాళ్లను ఆపి, ఎవరి కుండో తెలియడానికి తన పచ్చికుండల మీద వేసుకున్న బొటనవేలి గుర్తును తడిగుడ్డతో తుడిచేసింది.

"ఎవరి గుర్తూ వద్దు. ఇంటికి వంద కుండలు. పేర్చేది అచ్చయ్య మావే. కాలాక అందరం వంతులవారీగా ఏరుకుందాం, వంద చొప్పున. మావ మాత్రం అందరూ ఏరుకున్నాక, మిగిలిన వంద తీసుకుంటాడు."

అచ్చయ్య గడ్డం గోక్కున్నాడు. "అంటే పచ్చిగా మిగిలినవన్నీ నా నెత్తినే."

"మిగలనీయకు మరి."

ఆ రోజు అచ్చయ్య పేర్చినట్టు పక్షులు కూడా గూడు పేర్చలేదు. అంచులకు మూడింతలు పిడకలు కూరాడు. గాలి ఎటు తిరిగితే అటు తడిక అడ్డంపెట్టాడు. చల్లారాక అందరూ ఏరుకున్నారు. ఆఖరి కుండను అచ్చయ్య వేలితో కొట్టాడు. ఖంగుమంది.

ఇప్పుడు శెట్టి ఆవంలో ముంగిస కాపురముంది. శెట్టేమో, కుండ కొనడానికి వరసలో నిలబడ్డాడు, పొట్ట అందరికన్నా ముందు.

పదిమంది కలిసి కట్టుకున్నది పదికాలాలు నిలవాలంటే, సర్దే చేయి అందరికన్నా ఆఖర్న అందుకోవాలి.