మూగ వేషానికి వన్స్‌మోర్

పరాంకుశం గారు అడిగినదానికి సూటిగా జవాబు చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు. శిష్యుడు కోదండపాణికి ఆ సంగతి తెలుసు. తెలిసీ, ఒకనాటి సాయంత్రం పాఠం ముగిశాక ఉండబట్టలేక అడిగేశాడు.

"ఆశ వదలమని రోజూ చెబుతున్నారు. వదులుదామని కూర్చుంటే అది ఇంకా గట్టిగా పట్టుకుంటోంది. అసలు ఆశ ఎలా పోతుంది గురువుగారూ?"

ఆయన పుస్తకం మూసి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "మా ఊళ్లో సైకిల్ షాపు అంకినీడని ఒకడుండేవాడు" అని మొదలుపెట్టారు.

అంకినీడుకు నాటకాల పిచ్చి. అందులోనూ అగస్త్యేశ్వరరావు గారంటే ప్రాణం. ఆయన రాజు వేషం కట్టి పద్యం ఎత్తుకుంటే, రాగం ఇంకా ముగియకముందే "వన్స్‌మోర్" అని జనంలోంచి లేచే మొదటి కేక అంకినీడుదే. ఆ కేక పడిందంటే నటుడు పద్యం మళ్లీ పాడి తీరాలి, అది నాటకం మర్యాద. అలాంటి అగస్త్యేశ్వరరావు గారికి జబ్బు చేసి గొంతు పోయింది. చాలాకాలం ఇల్లు కదల్లేదు. ఇక ఆయన పని అయిపోయిందని అందరూ అనుకుంటున్న రోజుల్లో, కొత్త నాటకంలో మూగ పడవవాడి వేషం కడుతున్నారని కబురు వచ్చింది.

అంకినీడుకు కాలు నేలమీద నిలవలేదు. పంక్చరు వేయించుకోవడానికి వచ్చినవాళ్లందరికీ అదే కథ. "ఒక్క మాట లేకుండా ఏడిపిస్తాడండీ, చూస్తూ ఉండండి!"

హార్మోనిస్టు మృత్యుంజయం సైకిలుకు గాలి కొట్టించుకుంటూ ఫక్కున నవ్వాడు. "పద్యం లేని వేషమేమిటయ్యా? నేను పెట్టె మూసుకుని కూర్చోవాలా?"

"మూసుకునే కూర్చోవయ్యా. ఆ వేషానికి వన్స్‌మోర్ పడకపోతే నేనిక నాటకం మొహం చూడను!"

నలుగురిలో అన్నాడు గనుక ఆ మాట వెనక్కి తీసుకోవడానికి లేదు. పైకి ధీమాగానే ఉన్నా లోపల ఒకటే బెంగ. వేషం తేలిపోతే ఆయన మళ్లీ గడప దాటరు, తనకూ నాటకం ఉండదు. ఎందుకైనా మంచిదని పూటపూటా మిరియాల కషాయం తాగి కేకకు గొంతు సిద్ధం చేసుకున్నాడు. "ఇంతకీ వేషం మీదా, ఆయనదా?" అని భార్య దెప్పితే వినపడనట్టు ఇంకో గుక్క తాగాడు.

నాటకం నాడు హాలు కిక్కిరిసింది. కథలో ఆ పడవవాడి ఒక్కగానొక్క కొడుకును రాజు అన్యాయంగా చంపించాడు. ఆ రాజే యుద్ధంలో ఓడి, మారువేషంలో పారిపోతూ అతని పడవ ఎక్కి, అలసి నిద్రపోయాడు. నది నడుమకు వచ్చాక అగస్త్యేశ్వరరావు గారు వంగి ఆ మొహం చూశారు. గుర్తుపట్టారు. పడవ నడిపే గడను రెండు చేతులా పైకెత్తారు. ఎత్తిన గడ అలాగే ఉండిపోయింది. ఎంతసేపటికో గడ మెల్లగా కిందికి దిగింది. ఆయన తలగుడ్డ విప్పి, ఎండ తగలకుండా రాజు మొహం మీద కప్పి, మళ్లీ పడవ నడిపారు.

"వన్స్‌మోర్!"

ఆ కేక జనంలోంచి రాలేదు. స్టేజీ పక్కన మూసిన హార్మోనియం మీద చేతులు పెట్టుకుని కూర్చున్న మృత్యుంజయం లేచి నిలబడి అరిచాడు. ఆ వెంటనే హాలంతా లేచింది. పైకప్పు ఎగిరిపోతుందేమో అన్నంతగా అరిచారు. అప్పటికే లేచి కూర్చోబోతున్న రాజుగారు నవ్వాపుకుని మళ్లీ పడుకున్నారు. అగస్త్యేశ్వరరావు గారు జనానికి చేతులు జోడించి, కళ్లు తుడుచుకుని, మళ్లీ గడ ఎత్తారు. కిరీటం పెట్టుకున్న రోజుల్లో కూడా ఆయన అంత గొప్పగా గెలవలేదు.

గురువుగారు అక్కడితో ఆపేశారు. కోదండపాణి ఆగలేకపోయాడు. "మరి అంకినీడు?"

"కూర్చున్నచోటు నుంచి లేవలేదు. నోరైతే తెరిచాడు, శబ్దం రాలేదు. చెంపల మీద నీళ్లు కారుతుంటే నవ్వుతూ అలా చూస్తూ ఉండిపోయాడు."

"అదేమిటండీ! ఆ ఒక్క కేక కోసమే కదా కషాయాలు తాగి మరీ ఎదురుచూశాడు?"

పరాంకుశం గారు కళ్లజోడు పెట్టుకుని శిష్యుడి వంక చూశారు.

"ఆశ తీరినవాడికి ఇంకా గొంతెక్కడిదోయ్?" అన్నారు.