దారి తప్పించిన రాళ్ళు

సావాకి ఫనూరి నవ్వు నచ్చదు. నడక నచ్చదు, మాట నచ్చదు. కొండదారి నడవడానికి వచ్చినవాళ్ళు వెళ్ళిపోతూ అతని చేతిలో అంజూరపళ్ళు పెట్టడం అసలే నచ్చదు.

ఇద్దరూ మధ్యధరా సముద్రంలోని ఒక చిన్న దీవిలో, కొండవాలున ఉన్న మఠంలో సన్యాసులు. ఆ మఠానికి పెద్ద మెలెతి. ఊరంతా ఆయన్ని పెద్దాయన అంటుంది.

ఆ దీవిలో ఒక కాలిబాట ఉంది. రేవు దగ్గర మొదలై, ఆలివ్ తోటల మీదుగా కొండెక్కి, మళ్ళీ సముద్రపు ఒడ్డుకు దిగి, చివర నీళ్ళలోకి పొడుచుకువచ్చిన కొండకొమ్ము మీది చిన్న చర్చి దాకా పోతుంది. మరీ కష్టమైన దారి కాదు, మరీ తేలికా కాదు. మోకాళ్ళు బాగున్నవాళ్ళు పాడుకుంటూ నడుస్తారు, బాగాలేనివాళ్ళు తిట్టుకుంటూ నడుస్తారు. ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వాళ్ళకి దారి చూపడం మఠం పని.

ఏళ్ళ తరబడి ఆ పని సావా ఒక్కడే చేశాడు. ఏ మలుపులో నీడ దొరుకుతుందో, ఏ రాయి కాలు పెడితే కదులుతుందో అతనికి తెలుసు. జనం వెంట ఉండగా ముందు నడవడమంటే అతనికి ప్రాణం. ఆయాసపడుతూ వెనక వస్తున్నవాళ్ళ అడుగుల చప్పుడు వింటుంటే కడుపు నిండినట్టుండేది.

తర్వాత ఫనూరి వచ్చాడు. పెద్దాయన మొదట అతనికి గురుతు రాళ్ళ పని అప్పగించాడు. ఆ కొండ నిండా మేకలు తొక్కిన బాటలే. ఏది మనుషుల దారో, ఏది మేకల దారో కొత్తవాళ్ళకి తెలియదు. అందుకని దారి చీలిన ప్రతిచోటా అసలు బాట పక్కన నాలుగైదు రాళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంచుతారు. అవి గాలికి పడితే మళ్ళీ పేర్చాలి. ఫనూరి ఆ పని చేస్తూ చేస్తూ, అప్పుడప్పుడు జనాన్ని కూడా తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకి జనం రేవులో పడవ దిగుతూనే "ఫనూరి ఉన్నాడా?" అని అడగడం మొదలుపెట్టారు.

సావాకి ఒళ్ళు మండిపోయింది. తనతో వస్తే ఎండెక్కకముందే చేరతారు. ఫనూరితో వెళితే మిట్టమధ్యాహ్నం అవుతుంది. పైగా అతను అందరికంటే వెనక నడుస్తాడు. దారి చూపేవాడు వెనక నడవడమేమిటి, గొర్రెలకాపరిలా!

ఆ ఏడు కొండకొమ్ము చర్చి పండగ వచ్చింది. ఊరు ఊరంతా కలిసి నడిచే రోజది. ఆ రోజు దారి చూపడం పెద్ద గౌరవం. చర్చి చేరాక, బయల్దేరినవాళ్ళందరూ వచ్చారని చూసుకుని, దారి చూపినవాడే గంట కొట్టాలి. ఆ గంట కొట్టాకే ప్రార్థన మొదలవుతుంది. ఇన్నేళ్ళుగా కొట్టింది సావానే.

"ఈసారి ఫనూరి తీసుకెళ్తాడు" అన్నాడు పెద్దాయన, భోజనాల దగ్గర, ఉప్పు అందుకుంటూ.

సావా ఆ పూట తినలేకపోయాడు. మర్నాడు పెద్దాయన తెగిన చెప్పు కుట్టుకుంటుంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"తండ్రీ, నాలో లోపం ఏమిటి?"

"లోపమా? నీ అంత గట్టి కాళ్ళు ఈ దీవిలో ఎవరికీ లేవు."

"మరి ఫనూరి ఎందుకు?"

పెద్దాయన చెప్పుని ఎత్తి వెలుతురులో చూసుకున్నాడు. "ఆ దారం ఇలా ఇవ్వు" అన్నాడు.

అంతే.

పండగ ముందురోజు మధ్యాహ్నం సావా కొండెక్కాడు. శిఖరం దాటి దిగేచోట దారి చీలుతుంది. కుడివైపుది అసలు బాట. ఎడమవైపుది మేకలది. అది ముళ్ళపొదల్లోంచి పోయి పోయి, సముద్రం మీదికి వేలాడే ఒక బండ దగ్గర ఆగిపోతుంది. సావా కుడివైపున్న రాళ్ళని తీసి ఎడమవైపు పేర్చాడు. ఫనూరి పేర్చినదానికంటే ముచ్చటగా పేర్చాడు కూడా.

ఎవరికీ ఏమీ కాదని తనకి తాను చెప్పుకున్నాడు. ఫనూరి ఎలాగూ వెనకే ఉంటాడు. ముందున్నవాళ్ళు రాళ్ళు చూసి ఎడమకి తిరుగుతారు. బండ దాకా వెళ్ళి, ముళ్ళు గుచ్చుకుని, తిట్టుకుంటూ తిరిగొస్తారు. ప్రార్థన ఆలస్యమవుతుంది. ఊరందరి ముందూ ఫనూరి తల దించుకుంటాడు. అంతకంటే తనకేం కావాలి?

తెల్లారి జనం రేవు దగ్గర పోగయ్యారు. ఊళ్ళోని ముసలి కల్యోపి అవ్వ కూడా రొట్టెల బుట్టతో వచ్చింది. పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చాడు.

"ఫనూరి ఇవాళ వంటింట్లో ఉంటాడు. సావా, నువ్వు తీసుకెళ్ళు."

సావా గుండె ఎగిరి గంతేసింది. మరుక్షణమే రాళ్ళు గుర్తొచ్చాయి. అయినా భయమేముంది? తను ముందుంటాడు. తను కుడికి తిరిగితే అందరూ కుడికే తిరుగుతారు. మిగతాది రేపు సర్దుకోవచ్చు.

ఆ రోజు అతను నడిచినట్టు ఎప్పుడూ నడవలేదు. ఫనూరి మిట్టమధ్యాహ్నానికి చేర్చే జనాన్ని తను పొద్దెక్కకముందే చేర్చాలి. కాళ్ళ కింద నలిగిన పొదలు వాము లాంటి ఘాటు వాసన వేస్తున్నాయి. దారి చీలిన చోటికి వచ్చాడు. ఎడమవైపు తను పేర్చిన రాళ్ళు తననే చూస్తున్నాయి. వంగి పడగొడదామనుకున్నాడు. కానీ జనం వెన్నంటే ఉన్నారు. ఎందుకు పడగొట్టావని అడిగితే ఏం చెప్తాడు? కుడికి తిరిగి ఇంకా వేగంగా దిగాడు.

చర్చి చేరి గంట తాడు పట్టుకున్నాడు.

"ఆగు ఆగు" అన్నారెవరో. "కల్యోపి అవ్వ ఏది? పెద్దాయన ఏడీ?"

సావా చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. ఎండిపోయిన కొండదారి కనుచూపుమేరా ఖాళీగా ఉంది. అవ్వకి మోకాళ్ళ నొప్పులు. పెద్దాయనకి చూపు అంతంతమాత్రం. వాళ్ళు వెనకబడ్డారు. ముందు నడిచేవాళ్ళు కనిపించకపోతే ఎవరైనా చూసేది ఏమిటి? రాళ్ళు.

తాడు వదిలేసి పరిగెత్తాడు.

వచ్చిన దారినే ఎగువకి పరిగెత్తడం అతనికి అలవాటు లేదు. రెండుసార్లు పడ్డాడు. మోచేయి చీరుకుపోయింది. సముద్రం మీదికి వేలాడే ఆ బండ తప్ప కళ్ళకి ఇంకేమీ కనిపించడం లేదు. చీలిక దగ్గర ఎడమకి తిరిగి, ముళ్ళు చీరేస్తున్నా ఆగకుండా దూసుకుపోయాడు.

బండకి ఇవతల, ఒక రాతి నీడలో, ఇద్దరూ కూర్చుని ఆలివ్ కాయలు తింటున్నారు.

"వచ్చావా నాయనా" అంది కల్యోపి అవ్వ, గింజ ఉమ్మేసి. "ఆ రాళ్ళు ఇటే చూపిస్తే వచ్చాం. ఇక్కడేమో దారే లేదు. పెద్దాయన కూర్చోమన్నాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ అంచు దాకా పోయేదాన్ని. ఎవరు పెట్టారర్రా ఆ రాళ్ళు? ఫనూరేగా వాటిని చూసేది?"

సావా రొప్పుతూ నిలబడ్డాడు. ఎంత తేలిక! అవును అంటే చాలు. అసలు అననక్కర్లేదు, ఊరుకుంటే చాలు. నిన్న తను కోరుకున్నదంతా అవ్వే తన నోటి దాకా తెచ్చి పెట్టింది. పెద్దాయన సముద్రంకేసి చూస్తూ ఇంకో కాయ నోట్లో వేసుకున్నాడు.

"నేనే పెట్టాను" అన్నాడు సావా.

"అయ్యో, అలసిపోయి పొరబడ్డావేమో."

"పొరబడలేదు అవ్వా. ఫనూరి దారి తప్పాలని పెట్టాను."

అవ్వ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. తర్వాత రొట్టెలూ జున్నూ ఉన్న బరువైన బుట్టని ఒళ్ళోంచి తీసి అతని చేతిలో పెట్టింది.

"అయితే ఇది నువ్వే మొయ్యి" అని మోకాళ్ళు పట్టుకుని లేచింది.

ముగ్గురూ చీలిక దాకా వెనక్కి నడిచారు. అవ్వ ముందు కుంటుతూ పోతోంది. సావా బుట్ట దించి, రాళ్ళని ఒక్కొక్కటే తీసి కుడివైపు పేర్చాడు. పై రాయి రెండుసార్లు జారిపడింది.

"నిన్న సాయంత్రం కూడా ఆ బండ దగ్గరే కూర్చున్నాను" అన్నాడు పెద్దాయన. "గాలి బాగుంటుంది."

సావా తలెత్తాడు. ఫనూరిని వంటింట్లో ఎందుకు ఉంచాడో అప్పుడు అర్థమైంది.

"తెలిసి కూడా మీరెందుకు సర్దలేదు, తండ్రీ?"

"నేను పెట్టిన రాళ్ళు కావుగా."

సావా పై రాయి మళ్ళీ పెట్టాడు. ఈసారి నిలబడింది. లేవకుండా అలాగే మోకాళ్ళ మీద ఉండి అన్నాడు. "ఈ దారి ఇక ఫనూరికే ఇచ్చెయ్యండి."

"ఫనూరి బాగా నడిపిస్తాడు" అన్నాడు పెద్దాయన.

ఆ మాట వినగానే సావా కడుపులో మళ్ళీ మండింది. ఇంత జరిగాక కూడా. సిగ్గుతో ముఖం దాచుకున్నాడు. పెద్దాయన ఆ మంటని చూశాడో లేదో తెలియదు. వంగి, అతని మోచేతికి గుచ్చుకుని ఉన్న ముల్లు ఒకటి తీసి పారేశాడు.

"ఇన్నేళ్ళలో" అన్నాడు, "ఈ దారిలో నువ్వు ఒకరి కోసం వెనక్కి రావడం ఇవాళే చూశాను."