గంగరత్న చేతులు

అశ్వత్థప్ప అయివారికి ఒక అలవాటు ఉంది. ఎవరు ఏం అడిగినా వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాళ్ళ ముఖంలోకి కాసేపు చూసి, "ఈ మాట నీకెందుకు కావాల్సొచ్చింది?" అని తిరిగి అడుగుతారు. బస్సు ఎన్నింటికి అని అడిగినా అంతే. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, ముప్పై ఏళ్ళు జవాబులు చెప్పి చెప్పి విసిగిపోయినట్టున్నారు అనుకునేవాళ్ళం.

ప్రతి ఆదివారం, పట్టుగూళ్ళ మార్కెట్టు పక్కనున్న గదిలో ఆయన మా పదిమందికి పాఠం చెప్పేవారు. పిల్లల మనసుకు జబ్బు చేస్తే ఎలా గుర్తుపట్టాలి, ఎవరి దగ్గరికి తీసుకుపోవాలి, ఇంట్లోవాళ్ళను ఎలా ఒప్పించాలి అన్నది పాఠం. అది నేర్చుకుని మేం ఊరూరా బడులకు తిరగాలి. మాలో అందరికంటే వేడి మీదున్నవాడు ప్రహ్లాద. ఒక ఆదివారం వాడు నేల మీద చార్టు పరిచి, పైన ఎర్ర సిరాతో 'మౌనం మీద యుద్ధం' అని రాశాడు. కింద లక్షణాలు రాయబోయి ఆగాడు. నిద్ర పట్టకపోవడం, అన్నం మానేయడం, మార్కులు పడిపోవడం, ఎవరితోనూ కలవకపోవడం: అన్నీ వాడికి కంఠతా వచ్చు.

"అయివారూ, వీటన్నిటికంటే ముందు కనపడే గుర్తు ఏది? అదొక్కటీ పెద్దక్షరాల్లో రాస్తాను. అది తెలియకనే కదా ఈ ఊళ్ళు పిల్లల్ని పోగొట్టుకుంటున్నాయి! అజ్ఞానమే అసలు శత్రువు" అన్నాడు.

అయివారు ఈసారి తిరిగి ప్రశ్న వేయలేదు. ఎర్రక్షరాల వైపు చాలాసేపు చూసి, గంగరత్న సంగతి చెప్పారు. ఆయన చెప్పిందే రాస్తున్నాను. ఇందులో ఎక్కడైనా కోపం కనిపిస్తే అది నాది. ఆయన గొంతులో కోపం లేదు.

గుట్టకిందపల్లిలో ఇంటింటా పట్టుపురుగులు పెంచుతారు. పట్టుపురుగు మహా సుకుమారం. మనిషి చేతి మురికి తగిలితే చాలు, పాలరోగం పట్టుకుంటుంది. పురుగు ఒళ్ళు ఉబ్బి, తెల్లటి రసం కారి చస్తుంది. ఒకదాని నుంచి తట్టంతా, తట్ట నుంచి షెడ్డంతా పాకుతుంది. అందుకే షెడ్డు గడపలో సున్నం చల్లి, పక్కన బ్లీచింగు నీళ్ళ బకెట్టు పెడతారు. అందులో చేతులు కడగనిదే కలెక్టరు వచ్చినా లోపలికి రానివ్వరు.

సంజీవప్ప కూతురు గంగరత్న ఆరో తరగతిలో పురుగులకు ఆకు వేయడం మొదలుపెట్టింది. ఒకసారి కడగమంటే రెండుసార్లు కడిగేది. కొన్నాళ్ళకు ఏడుసార్లు. ఏడు లెక్కపెడుతుండగా ఎవరైనా పలకరిస్తే మళ్ళీ ఒకటి నుంచి. కొన్ని పొద్దులు బకెట్టు ముందు గంటసేపు కూర్చునేది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా లెక్క ఆపేది కాదు. వాళ్ళ షెడ్డులో నాలుగేళ్ళపాటు ఒక్క పురుగుకూ రోగం రాలేదు. సంజీవప్ప మీసం మీద చెయ్యేసి, "నా కూతురు చెయ్యి పడితే పురుక్కి జలుబు గూడా రాదప్పా" అనేవాడు. పక్కింటి ఆడవాళ్ళు తమ పిల్లల్ని తిట్టాలంటే, "ఆ పాప చేతులు కడిగిన నీళ్ళు తాగండే, అప్పుడన్నా బుద్ధొస్తాది!" అనేవారు.

ఇంకే ఇంట్లోనైనా ఒక బిడ్డ బకెట్టు ముందు ఏడుస్తూ కూర్చుంటే ఏమైందని అడుగుతారు. అక్కడ ఎవరూ అడగలేదు. బిడ్డ బాధ ఇంటికి పనికొస్తున్నంతకాలం దాన్నెవరూ జబ్బు అనరు. క్రమశిక్షణ అంటారు, పనిమంతురాలు అంటారు, ఊరికి ఆదర్శం అంటారు. బాల్యాన్ని కాపాడుదాం అని గోడల మీద రాసేదీ మనమే.

ఆమె తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడాది బడిలో పరిశుభ్రత వారోత్సవం జరిగింది. హెడ్మాస్టరు అశ్వత్థప్ప. ఆయనే ప్రార్థనవేళ గంగరత్నను ముందుకు పిలిచి, ఆమె రెండు చేతులూ పట్టుకుని పైకెత్తారు. "చూడండిరా! చేతులంటే ఇవీ!" అన్నారు. మూడొందలమంది చప్పట్లు కొట్టారు. బహుమానంగా నాలుగు సబ్బులున్న పెట్టె ఇచ్చారు. పట్టుకున్నప్పుడు ఆ చేతులు గరుకుగా, ఎండిన కాయ తొక్కలా తగిలాయి. వేళ్ళ సందుల్లో చర్మం చిట్లి ఎర్రగా ఉంది. కష్టపడే పిల్ల అనుకున్నారట ఆయన. చూశారు. చూసి మెచ్చుకున్నారు.

మరుసటి ఏడు ముసురు పట్టింది. తడి ఆకు పురుగుకు పడదని తెలిసినా వేయక తప్పలేదు. ఇంకో నాలుగు రోజుల్లో గూడు కట్టాల్సిన పురుగులకు పాలరోగం తగిలి, మూడో రోజుకు షెడ్డంతా తుడిచిపెట్టుకుపోయింది. చచ్చిన పురుగుల్ని గోతిలో పోసి మన్ను కప్పుతూ, ఏడుపు ఆపుకోవడానికే కావచ్చు, సంజీవప్ప కూతురి వైపు తిరిగి నవ్వాడు.

"ఏమ్మే, ఈ తూరి ఏడులో ఒకటి మర్సిపోయింటావు సూడు!"

చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. అది వేళాకోళమని అందరికీ తెలుసు. గంగరత్నకు తెలియదు. నాలుగేళ్ళుగా ఆమె తలలో ఒక్కటే మాట తిరుగుతోంది: లెక్క తప్పితే ముందు పురుగులు చస్తాయి, తర్వాత అమ్మ చస్తుంది. మొదటిది జరిగిపోయింది.

తెల్లారి తల్లి అలివేలమ్మ పెరట్లోకి వచ్చేసరికి, గంగరత్న చిన్న గంగాళంలో బ్లీచింగు పొడి సంచంతా కుమ్మరించి, కాసిన్ని నీళ్ళు పోసి, మోచేతుల దాకా అందులో ముంచి కూర్చుంది. వాసనకు కళ్ళు తెరవలేకపోతోంది. తల్లి లాగబోతే కేక పెట్టింది.

"ఇడుసమ్మా! నువ్వు బతకల్ల గదా! ఇంగా మూడుసార్లుండాది!"

బడికి రాలేదని అయివారు మూడో రోజు వాళ్ళింటికి వెళ్ళారు. చేతులకు పాతగుడ్డలు చుట్టి ఉన్నాయి. మెడలో కొత్త తాయెత్తు. ఆసుపత్రికి తీసుకుపోదాం అన్నారాయన. "కాలిన చేతులకు మందు రాయించినాం సార్" అన్నాడు సంజీవప్ప. "చేతులకు కాదప్పా, మనసుకు" అన్నారు అయివారు. సంజీవప్ప తల అడ్డంగా ఊపాడు. "గాలి సోకిందంతే. పిచ్చాసుపత్రి గడప తొక్కితే ఊర్లో పాప తలెత్తుకోని తిరగల్లా వద్దా? సోమారం కొత్త పురుగొస్తాది. అది గూడు కట్టినాక సూద్దాం లెండి."

అయివారు ప్రభుత్వ పథకాల గురించి చెప్పారు, హక్కుల గురించి చెప్పారు. ఏదీ తలకెక్కలేదు. ఎనిమిది రోజులు అలాగే గడిచాయి. గంగరత్న గుడ్డలు విప్పేసుకుని, పచ్చి పుండ్ల మీదే మళ్ళీ నీళ్ళు పోసుకునేది. చివరికి ఒకరోజు, ఆకు మోపు దించుతున్న మొగుడి ముందు అలివేలమ్మ అడ్డంగా నిలబడింది.

"పురుగు ఒక పూట మేత మానితే బండేసుకోని పట్టు ఆఫీసరు దగ్గరికి పరిగెత్తుతావే! ఇది నీ కూతురయ్యా."

అతను మోపు దించి పక్కకు జరిగాడు. అడ్డు చెప్పలేదు. ఆమె బిడ్డను బస్సెక్కించింది. తోడు అయివారు వెళ్ళారు.

జిల్లా ఆసుపత్రిలో పిల్లల మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ తొందరపడలేదు. గంగరత్న ఎదురుగా కూర్చుని చాలాసేపు విన్నది. "ఇది గాలి కాదు, పొగరూ కాదు. జబ్బు. దీనికి పేరుంది, మందుంది, మెల్లగా మాన్పించే పద్ధతి ఉంది. నీలాంటి పిల్లలు ఇక్కడికి చాలామంది వస్తారు" అని ఆమెతోనే చెప్పింది. తర్వాత తల్లిని అడిగింది, ఎప్పటి నుంచి అని.

"పదకొండు రోజులాయ మేడం. అంతకుముందు శానా మంచి పాప."

"ఆరో తరగతి నుంచి" అంది గంగరత్న.

డాక్టరమ్మ కలం ఆగింది. "నాలుగేళ్ళు! ఎవరికీ చెప్పలేదా తల్లీ?"

గంగరత్న పక్క కుర్చీ వైపు చూసింది. "ఒకతూరి మా సారును అడిగినా."

అయివారికి ఎంత గుర్తుచేసుకున్నా గుర్తురాలేదు. ఆ పిల్లే గుర్తుచేసింది. సబ్బుల పెట్టె ఇచ్చిన రోజు సాయంత్రం, బడి వదిలాక, పెట్టె చంకలో పెట్టుకుని ఆఫీసు గది వాకిట్లో నిలబడిందట. "సార్, ఎన్నిసార్లు కడిగితే చాలు సార్?" అని అడిగిందట. ఆయన టపా చూసుకుంటున్నారు. తల ఎత్తలేదు. "శుభ్రతకు చాలు అనేదేముందమ్మా? ఎంత కడిగితే అంత మంచిది" అని నవ్వారట. ఆమె కాసేపు అక్కడే నిలబడి, "సరే సార్" అని వెళ్ళిపోయిందట. ఆ రాత్రి, ఇంట్లో ఎవరికీ తెలియకుండా, ఏడు పద్నాలుగు అయింది.

ఇదంతా జరిగి రెండేళ్ళు. గంగరత్న మందులు వాడుతోంది. ఆకు ముట్టుకుని ముందు ఐదు నిమిషాలు, తర్వాత పది నిమిషాలు, కడగకుండా కూర్చోవడం డాక్టరమ్మ దగ్గర నేర్చుకుంది. ఇప్పుడు పద్నాలుగు మూడుకు దిగింది. కుడిచేతి రెండు వేళ్ళు మాత్రం పూర్తిగా ముడుచుకోవు. కలం పట్టలేక పదో తరగతి పరీక్ష రాయలేదు. సంజీవప్ప షెడ్డు గడపలో బకెట్టు ఉండనే ఉంది. బడిలో ఈ ఏడూ వారోత్సవం జరిగింది. ఎవరి చేతుల్నో పైకెత్తే ఉంటారు.

అయివారు చెప్పడం ముగించారు. ప్రహ్లాద చేతిలో మూత తీసిన కలం అలాగే ఉంది. వాడు, గొంతులో వేడి లేకుండా, "అయితే పైన ఏం రాయమంటారు అయివారూ?" అన్నాడు.

అయివారు వంగి చార్టును మెల్లగా చుట్టి పక్కన పెట్టారు.

"ఆ పాప అడిగింది నాయనా" అన్నారు. "నేను వెంటనే జవాబు చెప్పినాను."