మోకాలి ఎత్తు కిటికీ

పదకొండేళ్ళు చిత్రిక పట్టాక కూడా మా గురువు కట్టోజు సోమలింగాచారి గారు నాకు మూలమట్టం ఇవ్వలేదు.

మూలమట్టం అంటే మూల సరిగ్గా కుదిరిందో లేదో చూసుకునే పనిముట్టు. ఆయనది నల్లచేవ కర్రతో చేసింది, వాళ్ళ గురువు చేతి నుంచి వచ్చింది. గురువు దాన్ని శిష్యుడి చేతిలో పెట్టిన రోజు నుంచే వాడు సొంత పేరు మీద ద్వారబంధం ఎత్తాలని మాలో ఆనవాయితీ. అందాకా ఎంత పనివాడైనా ఫలానావారి శిష్యుడే.

నా పనితనం సంగతి నేను చెప్పుకోకూడదు. కానీ చెప్పాల్సినవాళ్ళందరూ పోయారు కాబట్టి తప్పదు. నేను చిత్రిక పట్టిన బల్లలో మొహం చూసుకుని ఆడవాళ్ళు బొట్టు దిద్దుకునేవారు. గోదారి అవతల ఒక గుమ్మానికి నెమలిని చెక్కితే, మబ్బు పట్టినప్పుడల్లా అది పురి విప్పుతుందేమోనని ఇంటిల్లిపాదీ దాని ఎదుట కూర్చునేవారు. నా కళ్ళంటారా, ఆకాశంలో తిరిగే గద్ద గోళ్ళు కింద నుంచే లెక్కపెట్టేవాణ్ణి. ఇంకేం నేర్చుకోవాలండీ అని ఒకరోజు అడిగేశాను కూడా. ఆయన ఉలి నూరుకుంటూ, చూద్దాంలే అన్నారు.

ఆ వేసవిలో సాలెవీధి నుంచి పని వచ్చింది. మార్కండేయులు గారని, గుంటమగ్గం మీద నేసేవారు. నేలలో గుంట తవ్వి, అంచున కూర్చుని, కాళ్ళు గుంటలో పెట్టుకుని నేస్తారే, అది. ఆయనది తాతలనాటి ఇల్లు. ద్వారబంధానికి చెద పట్టింది, తలుపులు జారిపోయాయి, కిటికీ రెక్కలు ఊడాయి. అన్నీ మార్చాలి. గురువుగారు అప్పుడు నడుం పట్టేసి మంచం మీద ఉన్నారు. నువ్వెళ్ళి చేసి రా అన్నారు.

ఈ పనితో మూలమట్టం నాదే అనుకున్నాను.

ఎనిమిది మంది కదపలేని టేకు దుంగని ఒక్కణ్ణే దొర్లించుకొచ్చాను. వీధి తలుపు ఎలా బిగించానంటే, తుపానులో మూసినా లోపల దీపం ఊగదు. ఇక మగ్గం గది. అందులో పాత కిటికీ ఒకటి ఉండేది. వేపచెక్క రెక్కలు రెండు, చువ్వలు నాలుగు. అది నేలకి మూరెడు ఎత్తున, మనిషి మోకాలి దగ్గర ఉంది. కట్టినవాడెవడో తాగి కట్టుంటాడని కూలీలతో అని నవ్వించాను. దాన్ని పూడ్పించేసి, వీధి గుమ్మానికి వరస కలిసేలా రొమ్మెత్తున కొత్త కిటికీ లేపాను. దానికి చువ్వల బదులు పదహారు చిలకలు చెక్కాను. ఒకదాని రెక్క ఇంకొకదాన్ని ఆనుకుని ఉంటుంది. ఎదురింటి పిల్లి మూడు రోజులు తిండి మానేసి వాటి కిందే మాటు వేసింది.

మధ్యలో మార్కండేయులు గారు ఒకసారి వచ్చి, పాతది ఉన్నచోటే ఉండనిస్తే పోదా నాయనా అని నసిగారు.

"బాబాయ్, నేత నీది, కిటికీ నాది. వీధిన పోయేవాళ్ళు ఆగి చూడకపోతే అప్పుడు నన్నడుగు," అన్నాను.

ఆయన తల ఊపి వెళ్ళిపోయారు. వీధిన పోయేవాళ్ళు ఆగి చూశారు కూడా.

శ్రావణం వచ్చింది. గురువుగారు లేచి తిరుగుతున్నారు. ఒక మధ్యాహ్నం మార్కండేయులు గారి భార్య భావనమ్మ గారు మా పాకకి వచ్చారు. మగ్గం విప్పేస్తున్నామని, ఆ కర్రలు దేనికైనా పనికొస్తాయేమో చూడమని చెప్పడానికి వచ్చారట.

ఎందుకమ్మా అంటే, ఆయన కళ్ళు పోతున్నాయన్నారు. రెండు నెలలుగా తెగిన పోగు కనబడటం లేదట. నేసిన చీరల్లో లోపాలు పడి వెనక్కి వచ్చాయట. పట్టపగలు దీపం పెట్టుకున్నా కుదరలేదట. యాభై ఏళ్ళు నేసిన మనిషి, ఇప్పుడు పొద్దస్తమానం గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడని చెప్పి, ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు.

అయ్యో పాపం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

గురువుగారు ఒక్కటే అడిగారు.

"మగ్గం ఏ గదిలో ఉందమ్మా?"

ఆవిడ చెప్పారు. ఆయన సంచీ భుజాన వేసుకుని, పద అన్నారు నాతో.

వెళ్ళాం. సన్నగా తుంపర పడుతోంది. వీధి తలుపు చప్పుడు చెయ్యదని ఆయనకి తెలియాలి కదా, రెండుసార్లు తీసి మూశాను. ఆయన లోపలికి నడిచారు. మగ్గం ఇంకా విప్పలేదు. దాని మీద సగం నేసిన నీలిరంగు చీర ఉంది. గురువుగారు కిటికీని కాసేపు చూశారు.

"చిలకలు బాగా వచ్చాయి," అన్నారు.

పదకొండేళ్ళలో ఆయన నోట విన్న మొదటి మెప్పు. నా గుండె ఆ గదిలో పట్టలేదు.

"దిగు," అన్నారు.

అర్థం కాలేదు. ఆయన గుంట వైపు చూపించారు. నేతగాడు కూర్చునే చోట కూర్చుని, కాళ్ళు లోపలికి దించాను.

"పడుగులో పోగు తెగింది. అతుకు."

ఆ మాత్రం పనేనా అని వంగాను. నిలువు పోగులేవీ కనబడలేదు. నీలం మీద నీలం, అంతా ఒకటే చీకటి ముద్ద. కళ్ళు నులుముకుని మళ్ళీ వంగాను. వేళ్ళతో తడిమాను. తెగింది దొరకలేదు సరికదా, ఇంకో రెండు నా చేతిలో తెగాయి.

వెలుతురు కోసం తలెత్తాను.

వెలుతురు ఉంది. నా తల మీదుగా వెళ్తోంది. పదహారు చిలకల సందుల్లోంచి వచ్చి, ఎదుటి గోడ మీద, పైన, ఎవరికీ అక్కర్లేనిచోట పడుతోంది. బట్ట మీద చిటికెడు లేదు. నా భుజం పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో, గోడకి కొత్త పూత ఉంది. దాని రంగు ఇంకా పాత గోడతో కలవలేదు. పాత కిటికీని నేను పూడ్పించిన చోటు అది.

మార్కండేయులు గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"నా కళ్ళే అనుకున్నాను నాయనా," అన్నారు.

నిజంగా అలాగే అనుకున్నారో, మా గురువు ఎదుట నన్ను కాయడానికి అన్నారో, నాకు ఇప్పటికీ తెలియదు.

చూరు నుంచి నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. గీత గీసుకోవడానికి ఏదైనా ఇవ్వండి అన్నాను. గురువుగారు సంచీలో చెయ్యి పెట్టి ఏదో తీసి అందించారు. అదేమిటో చూడలేదు. చెవి మీది పెన్సిల్ తీసుకుని, గోడ దగ్గరికి వెళ్దామని లేవబోయాను.

"లేవకు," అన్నారు ఆయన. "కూర్చునే గియ్యి."

కూర్చునే గీశాను.

మూడోనాటికి కిటికీ కిందికి దిగింది. రెక్కలు రెండు, చువ్వలు నాలుగు, చెక్కడం ఏమీ లేదు. చిలకలది పారేస్తానంటే భావనమ్మ గారు ఒప్పుకోలేదు. ముందు గదిలో పెట్టించుకున్నారు. ఆ రోజు పెద్ద వెలుగేం లేదు, మబ్బే. అయినా రెక్కలు తెరవగానే ఉన్న వెలుతురంతా తిన్నగా వచ్చి బట్ట మీద పరుచుకుంది.

మార్కండేయులు గారు గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. వంగి, ముందు తనది, తర్వాత నేను తెంపిన రెండూ, ఒక్కొక్కటే వెతికి ముడి వేశారు. పోగు మోసే నాడె అటు వెళ్ళింది, ఇటు వచ్చింది. ఆ చప్పుడు ఆగకుండా సాగుతుంటే భావనమ్మ గారు వంటింటి గుమ్మంలోంచి వచ్చి నిలబడి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు.

నేను పనిముట్లు సర్దుకున్నాను. ఉలి, బాడిస, చిత్రిక, అన్నీ సంచీలోకి చేరాయి. నాది కానిది ఒకటి మిగిలింది. నల్లగా, అంచులు అరిగి, మూడు రోజులుగా నా చేతిలోనే తిరుగుతోంది.

గురువుగారు అప్పటికే బయల్దేరిపోయారు. తుంపరలో పరిగెత్తి వీధి చివర అందుకున్నాను. మీ మూలమట్టం అని చాపాను.

ఆయన దాని వైపు చూడలేదు. తల మీద తువ్వాలు సర్దుకున్నారు.

"సంచీలో పెట్టుకో," అన్నారు. "తడుస్తోంది."